చెట్టుకప్పను పెంచడం ఎలా: గాజు పెట్టె నుంచి మేత దాకా

చెట్టుకప్ప నోటితో నీళ్లు తాగదు. పొట్ట అడుగున, తొడల దగ్గర ఉండే పల్చటి చర్మాన్ని తడి ఆకుకో నీటి పళ్లేనికో ఆనించి కూర్చుని, ఆ చర్మం గుండానే నీటిని లోపలికి తీసుకుంటుంది. ఊపిరితిత్తులు ఉన్నప్పటికీ దాని శ్వాసలో కొంత భాగం చర్మం మీదుగానే సాగుతుంది. కాబట్టి పెట్టెలోని నీటిలో, మట్టిలో, గాలిలో ఏముందో, చివరికి మీ చేతికి అంటుకుని మిగిలిన సబ్బులో ఏముందో అదంతా దాని ఒంట్లోకి చేరే అవకాశం ఉంది. కింద చెప్పబోయే జాగ్రత్తల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క కారణం నుంచే పుట్టినవి.

కప్పను తెచ్చుకోవడానికి ముందు

మొదట ఏ జాతిని పెంచాలో తేల్చుకోండి. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను సూచించేది వైట్స్ చెట్టుకప్ప. ఆస్ట్రేలియా, న్యూగినీ ప్రాంతాలకు చెందిన ఈ కప్పను 1790లో తొలిసారి వర్ణించిన జాన్ వైట్ అనే సర్జన్ పేరే దానికి స్థిరపడింది. ఆడకప్ప సుమారు 10 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. నెమ్మదైన స్వభావం, మందమైన చర్మం, తేమలో చిన్న చిన్న హెచ్చుతగ్గులను ఓర్చుకునే శక్తి దీనికున్నాయి. మధ్య అమెరికా అడవుల్లో ఉండే ఎర్రకళ్ల చెట్టుకప్ప చూడటానికి ఎంతో అందమైనదే కానీ, ఎడతెగని తేమను, స్థిరమైన ఉష్ణోగ్రతను కోరుతుంది, చేతితో తాకడాన్ని సహించదు. అందుచేత ఒకటి రెండేళ్ల అనుభవం వచ్చాక దాన్ని తెచ్చుకోవడం మంచిది.

రెండవది ఆయుర్దాయం. చక్కగా చూసుకుంటే వైట్స్ చెట్టుకప్ప 15 సంవత్సరాలు, కొన్ని సందర్భాల్లో అంతకు మించి కూడా బతుకుతుంది. చదువుకుంటున్న పిల్లల కోరిక మీద తెచ్చే కప్ప, ఆ పిల్లలు ఉద్యోగాలకు ఇల్లు వదిలి వెళ్లాక కూడా ఆ పెట్టెలోనే ఉండవచ్చు. అప్పుడు దాని బాధ్యత ఎవరిదో ముందే మాట్లాడుకోవాలి.

మూడవది చట్టం. చాలా దేశాల్లో స్థానిక కప్పలను పట్టడానికీ, విదేశీ కప్పలను ఉంచుకోవడానికీ వేర్వేరు నిబంధనలు ఉంటాయి. ఎర్రకళ్ల చెట్టుకప్ప 2010 నుంచి అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు రెండవ అనుబంధంలో ఉంది. మీరు నివసించే చోట ఏది అనుమతించారో అటవీ లేదా వన్యప్రాణి శాఖ దగ్గర తెలుసుకున్న తరువాతే ముందుకు వెళ్లండి. అడవిలోనో తోటలోనో కనబడిన కప్పను పట్టి తెచ్చుకోవడం, చట్టం అడ్డురాని చోట కూడా, తగని పని. అలాంటి కప్ప తరచుగా పరాన్నజీవులను మోసుకొస్తుంది, బందీగా ఉండటానికి అలవాటుపడలేక మేత మానేస్తుంది. పెంపకంలోనే పుట్టిన కప్పను, దాని వయసు, ఇప్పటిదాకా తింటున్న మేత చెప్పగలిగిన పెంపకందారు దగ్గరే తీసుకోండి.

ఇవన్నీ కుదిరాక, కప్పలకు వైద్యం చేయగల పశువైద్యులు అందుబాటులో ఉన్నారో లేదో విచారించి, ఆ నంబరు రాసిపెట్టుకోండి. కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసేవారందరూ కప్పలను చూడరు. ఆపద వచ్చాక వెతుకుతూ కూర్చుంటే, ఇంత చిన్న ప్రాణికి ఆ ఆలస్యమే ముప్పవుతుంది.

పెట్టెను సిద్ధం చేయడం

కప్ప రావడానికి రెండు మూడు వారాల ముందే పెట్టె తయారై ఉండాలి. చెట్టుకప్పకు నేల వైశాల్యం కంటే ఎత్తు ముఖ్యం. పొడవు, వెడల్పు 45 సెంటీమీటర్ల చొప్పున, ఎత్తు 60 సెంటీమీటర్లు ఉన్న గాజు టెర్రేరియం పెరిగిన వైట్స్ కప్పలు రెండింటికి సరిపోతుంది. తలుపు ముందువైపు తెరుచుకునేది అయితే మేలు, ఎందుకంటే పైనుంచి దిగే చెయ్యి కప్పకు వేటాడే పక్షిలా తోస్తుంది. పైకప్పుకు సన్నని జాలీ ఉండాలి. గాలి ఆడని పెట్టెలో తేమ నిలిచి బూజు, బాక్టీరియా పెరుగుతాయి, ఆ గాలే చర్మవ్యాధులకు మొదలు.

అడుగున నాలుగైదు సెంటీమీటర్ల మందాన కాల్చిన మట్టి గుండ్లు పరిచి, వాటిమీద ప్లాస్టిక్ వల వేసి, ఆపైన ఐదారు సెంటీమీటర్ల మందంగా కొబ్బరి పొట్టు నింపండి. పైనుంచి చల్లిన నీరు గుండ్ల మధ్యకు దిగిపోతుంది కాబట్టి పై పొర తడిగా ఉంటుందే తప్ప బురద కాదు. కొబ్బరి పొట్టులో ఒక్కోసారి ఉప్పు ఉంటుంది, ఉప్పు కప్ప చర్మానికి పడదు. అందుకని రెండు మూడు సార్లు నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ నీటిని పారబోశాకే వాడండి. కప్ప నోట్లో పట్టేంత గులకరాళ్లు, చెక్క ముక్కలు మాత్రం పెట్టెలో ఉండరాదు. పురుగు మీదికి దూకినప్పుడు అవి కూడా నోట్లోకి పోయి పేగుకు అడ్డుపడతాయి.

కొమ్మలను అడ్డంగా, ఏటవాలుగా వేర్వేరు ఎత్తుల్లో అమర్చండి. కప్ప ఒంటి వెడల్పుకు తగ్గకుండా మందం ఉన్న కొమ్మ అయితే పగలంతా దానిమీద హాయిగా నిద్రపోతుంది. వైట్స్ కప్ప బరువైనది కాబట్టి కొమ్మలు ఊగకుండా గట్టిగా బిగించాలి. మొక్కల్లో మనీ ప్లాంటు, స్నేక్ ప్లాంటు ఈ బరువును తట్టుకుంటాయి. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కకు పురుగుమందు, వేళ్ల దగ్గర రసాయన ఎరువు ఉండటం సహజమే కనుక, దాని మట్టి పూర్తిగా దులిపి, ఆకులూ వేళ్లూ మంచినీటితో కడిగి, శుభ్రమైన మట్టిలో నాటి కొన్ని వారాలు వేరుగా ఉంచాకే పెట్టెలోకి మార్చండి. ఈ పని విసుగనిపించి ప్లాస్టిక్ ఆకులు వాడినా నష్టం లేదు, వాటికి పదునైన అంచులు లేకుంటే చాలు. కప్పకు కావలసింది నక్కి కూర్చోవడానికి చాటు. అది లేని పెట్టెలో కప్ప రోజంతా బెదురుగానే ఉంటుంది.

నీరు

కుళాయి నీటిలో సూక్ష్మజీవులను చంపడానికి కలిపే క్లోరిన్ కప్ప చర్మాన్ని దెబ్బతీస్తుంది. నీటిని మూతలేని పాత్రలో ఒక రోజు ఉంచితే క్లోరిన్ చాలావరకు గాలిలోకి పోతుంది. అయితే కొన్ని నగరాల్లో క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ వాడుతున్నారు, అది ఇలా నిలవ ఉంచినంత మాత్రాన పోదు. మీ నీటి సరఫరాలో ఏది వాడుతున్నారో తేలనప్పుడు, అక్వేరియం చేపల కోసం అమ్మే, క్లోరిన్‌ను తొలగించే డీక్లోరినేటర్ ద్రవాన్ని సీసా మీద రాసిన మోతాదులో కలపడమే సురక్షితం. అది క్లోరమైన్‌ను కూడా విడగొట్టే రకమని సీసా మీద చూసి తీసుకోండి.

రాగి కూడా కప్పలకు విషమే. మన ఆరోగ్యానికి మంచిదని భావించే రాగి పాత్రలో కప్ప నీటిని ఎన్నడూ ఉంచరాదు. ఇంట్లో రాగి గొట్టాలు ఉంటే, ఉదయం మొదటగా వచ్చే నీటిని కాసేపు వదిలేసి తరువాతి నీటిని పట్టుకోండి. ఖనిజాలేవీ లేని స్వేదనజలాన్ని తుంపరగా చల్లడానికి వాడవచ్చు, దానివల్ల గాజు మీద తెల్లటి మరకలు పడవు కూడా. కప్ప కూర్చుని నానే పళ్లెంలో మాత్రం దాన్నే రోజూ పోస్తే, ఒంట్లోని లవణాల సమతుల్యత చెడే ప్రమాదం ఉంది.

పళ్లెం వెడల్పుగా, లోతు తక్కువగా ఉండాలి. చెట్టుకప్పలు గొప్ప ఈతగాళ్లేమీ కావు. కప్ప కూర్చున్నప్పుడు నీరు దాని గడ్డం దాటకూడదు. చాలా కప్పలు రాత్రి ఈ నీటిలోనే విసర్జిస్తాయి, మళ్లీ ఆ నీటినే చర్మంతో పీలుస్తాయి. కనుక పళ్లెంలో నీటిని ప్రతి ఉదయం మార్చడం ఏ రోజూ తప్పకూడని పని.

వేడి, వెలుతురు, తేమ

వైట్స్ చెట్టుకప్పకు పగలు 24 నుంచి 28 డిగ్రీల సెల్సియస్, రాత్రి 20 నుంచి 22 డిగ్రీలు బాగుంటాయి. పెట్టె పైభాగం కొద్దిగా వెచ్చగా, అడుగుభాగం కొద్దిగా చల్లగా ఉంటే, కప్ప తనకు ఎప్పుడు ఏది కావాలో చూసుకుని ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఈ తేడా తెలుసుకోవడానికి పైన ఒకటి, కింద ఒకటి థర్మామీటర్లు ఉంచండి. గది చల్లబడే కాలంలో వేడి అవసరమైతే, దీపాన్ని జాలీకి బయటే అమర్చి, తప్పనిసరిగా థర్మోస్టాట్‌కు (వేడిని అదుపులో ఉంచే పరికరానికి) కలపండి. పెట్టె లోపలి బల్బుకు కప్ప అతుక్కుంటే చర్మం కాలుతుంది. అడుగున పెట్టే వేడి పలకలు కూడా ఈ కప్పలకు తగవు.

అసలు ఎక్కువ భయపడవలసింది వేడికే. పెట్టెలో ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటుతుంటే దీపాలు ఆపి, పెట్టెను ఇంట్లో చల్లని గదికి మార్చండి. జాలీకి పైగా చిన్న ఫ్యాను గాలి వీస్తుంటే, లోపలి తడి ఆవిరవుతూ పెట్టెను చల్లబరుస్తుంది, అయితే తేమ త్వరగా తగ్గుతుంది కాబట్టి తుంపర ఎక్కువసార్లు చల్లాలి. వేడెక్కిన కప్ప మీద మంచునీళ్లు పోయకండి. నేరుగా ఎండ పడే కిటికీ దగ్గర పెట్టెను ఏ కాలంలోనూ ఉంచరాదు. గాజు పెట్టెలోకి చేరిన ఎండ కొద్ది నిమిషాల్లోనే ప్రాణాంతకమవుతుంది.

వెలుతురు రోజుకు సుమారు 12 గంటలు ఉండాలి. దానికి టైమరు పెడితే మీరు మరిచిపోయే సమస్యే ఉండదు. చెట్టుకప్పలు రాత్రించరాలు కాబట్టి యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాల) దీపం అక్కర్లేదని కొందరంటారు. పగటిపూట కొమ్మ మీద నిద్రించే కప్పకు అడవిలో ఆకుల సందుల్లోంచి కొంత ఎండ తగులుతూనే ఉంటుంది, ఎముకల గట్టిదనానికి కావలసిన డి3 విటమిన్ తయారీలో ఆ కిరణాలకు పాత్ర ఉంది. అందుచేత తక్కువ తీవ్రత గల యూవీబీ గొట్టపు దీపాన్ని పైనుంచి అమర్చి, దానికి దూరంగా నీడ కూడా ఉండేలా చూడాలన్నదే నా అభిప్రాయం. యూవీబీ కిరణాలు గాజులోంచి దాటవు, జాలీ మీదుగానే రావాలి. దీపం వెలుగుతూనే ఉన్నా యూవీబీ నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది, కాబట్టి తయారీదారు చెప్పిన గడువులో మార్చండి.

తేమ వైట్స్ కప్పకు 50 నుంచి 70 శాతం, ఎర్రకళ్ల కప్పకు అంతకంటే ఎక్కువ ఉండాలి. తేమను కొలిచే హైగ్రోమీటరు చూస్తూ, ఉదయం ఒకసారి కొద్దిగా, దీపాలు ఆరిపోయే వేళ బాగా తుంపర చల్లండి. రెండు తుంపరల మధ్య ఆకులు, గాజు ఆరిపోవాలి. ఎల్లవేళలా గాజు మీద నీరు కారుతూ ఉంటే గాలి చాలడం లేదని అర్థం.

ఇంటికి వచ్చిన మొదటి వారాలు

ఇప్పటికే కప్ప ఉన్న ఇంటికి మరొకటి వస్తే, దాన్ని కనీసం 60 రోజులు, వీలైతే 90 రోజులు వేరే గదిలో వేరే పెట్టెలో ఉంచండి. ఆ పెట్టెలో మట్టి బదులు తడి పేపర్ టవల్, ఒక కొమ్మ, నీటి పళ్లెం, నాలుగు ప్లాస్టిక్ ఆకులు చాలు. కాగితం మీద మలం స్పష్టంగా కనబడుతుంది కాబట్టి నమూనా తీసి పశువైద్యుడికి ఇవ్వడం సులభం. ఈ కాలంలో కైట్రిడ్ శిలీంధ్రం పరీక్ష కూడా చేయించగలిగితే మంచిది. 1998లో శాస్త్రవేత్తలు గుర్తించిన ఈ శిలీంధ్రం కప్ప చర్మాన్ని పట్టి, చర్మం గుండా జరిగే లవణాల రాకపోకలను ఆపి, చివరికి గుండెను ఆపేస్తుంది. ప్రపంచమంతటా ఎన్నో ఉభయచర జాతులు దీనివల్ల తరిగిపోయాయి, కొన్ని అంతరించాయి. మీకున్నది ఒకే కప్ప అయినా మొదటి నెల ఇలాంటి సాదా పెట్టెలో గడపడం దానికి మేలే.

వచ్చిన తరువాత కొన్ని రోజులు కప్ప తినకపోవచ్చు, గోధుమ రంగుకు తిరిగి ఒక మూల నక్కి ఉండవచ్చు. ఆ రోజుల్లో నీరు మార్చడం, మేత పెట్టడం తప్ప మరేదీ చేయకండి, చూపించడానికి ఎవరినీ పిలవకండి. పరిమాణంలో పెద్ద తేడా ఉన్న కప్పలను ఒకే పెట్టెలో వేయరాదు, చిన్నది పెద్దదానికి మేతవుతుంది. వేర్వేరు జాతులను కలిపి ఉంచడం కూడా తగదు. ఒక జాతి చర్మం స్రవించే విషం నీటి ద్వారా మరో జాతికి చేరుతుంది.

మేత

కదిలే పురుగునే చెట్టుకప్ప మేతగా గుర్తిస్తుంది. మేతకోసం పెంచిన కీచురాళ్లు, డూబియా బొద్దింకలు ప్రధానంగా ఉండాలి. మధ్యమధ్య పట్టుపురుగులు, వానపాములు ఇవ్వవచ్చు. మీల్‌వర్మ్‌లను, కొవ్వు ఎక్కువగా ఉండే మైనపు పురుగులను ఎప్పుడో ఒకసారి తప్ప పెట్టకండి. పురుగు పొడవు కప్ప రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదన్నది పిల్లకప్పల విషయంలో తప్పక పాటించవలసిన కొలత. తోటలో పట్టిన పురుగులకు మందు అంటి ఉండవచ్చు. మిణుగురుల్లో కొన్ని జాతులు స్వయంగా విషపూరితమైనవి. కనుక బయటి పురుగులు వద్దు.

పురుగు విలువ దాని కడుపులో ఉన్నదాన్ని బట్టి ఉంటుంది. మేతగా వేయడానికి ఒక రోజు ముందు నుంచి ఆ కీచురాళ్లకు ఆకుకూరలు, క్యారెట్, గుమ్మడి వంటివి తినిపించండి. అయినప్పటికీ కీచురాళ్లలో కాల్షియం తక్కువ, భాస్వరం ఎక్కువ. అందుకే వాటిని ఒక డబ్బాలో వేసి, చిటికెడు కాల్షియం పొడితో మెల్లగా ఊపి, ఒంటికి పొడి పట్టాక పెట్టెలోకి వదలాలి. పిల్లకప్పలకు దాదాపు ప్రతి మేతతోనూ, పెద్దవాటికి ఒక మేత విడిచి ఒక మేతకు ఇలా ఇవ్వండి. వారానికి ఒకసారి కాల్షియంకు బదులు మల్టీవిటమిన్ పొడి వాడండి. అందులో ఎ విటమిన్ రెటినాల్ రూపంలో ఉండాలి. ఎ విటమిన్ లోపించిన కప్ప పురుగు మీదికి నాలుక విసురుతుంది కానీ, ఆ నాలుకకు జిగురు చాలక పురుగు అంటుకోదు. కప్ప గురి తప్పుతోందని అనుకుని రోజులు గడిపేస్తే అది ఆకలితో చిక్కిపోతుంది.

పిల్లకప్పలకు రోజూ, ఏడాది దాటినవాటికి వారానికి రెండు లేదా మూడుసార్లు, సాయంత్రం దీపాలు ఆరిపోయాక మేత వేయండి. పెరిగిన వైట్స్ కప్పకు ఒక పూటకు ఐదారు పెద్ద కీచురాళ్లు చాలు. తినకుండా మిగిలిన కీచురాళ్లను తీసేయడం మరవకండి, అవి నిద్రపోతున్న కప్ప చర్మాన్ని కొరుకుతాయి. కప్ప తింటున్నప్పుడు దగ్గరగా చూడండి: ప్రతి మింగుడుకూ రెండు కళ్లూ మూసుకుని తలలోకి దిగిపోతాయి. కంటిగుడ్లు లోపలి నుంచి మేతను గొంతులోకి నెట్టడంలో సాయపడతాయి.

వైట్స్ కప్ప ఎంత పెట్టినా తింటుంది, కాబట్టి దానికి ఆకలి కంటే ఊబకాయమే పెద్ద శత్రువు. కంటి వెనుక, కర్ణభేరికి పైగా ఉండే మడతను గమనిస్తూ ఉండండి. మడత అసలు కనబడకుండా తల ఎముకలు తేలితే మేత చాలడం లేదు. మడత బరువెక్కి కర్ణభేరి మీదికి వాలిపోతుంటే మేత తగ్గించాలి. నెలకొకసారి వంటింటి తూకం మీద చిన్న డబ్బాలో ఉంచి బరువు రాసుకుంటే, కంటికి తెలియని మార్పు కూడా కాగితం మీద తెలుస్తుంది.

తాకడం, శుభ్రం చేయడం

కప్పను అవసరమైతే తప్ప తాకకండి. తాకవలసి వస్తే పౌడరు లేని గ్లవ్స్ తొడుక్కుని, వాటిని క్లోరిన్ తీసిన నీటితో తడిపి, పొట్ట కింద అరచెయ్యి ఉంచి ఎత్తండి. భయపడిన కప్ప మూత్రం విడుస్తుంది, అది తన ఒంట్లో దాచుకున్న నీటి నిల్వ. తరువాత దాన్ని పళ్లెం దగ్గర వదలండి. పని అయ్యాక మీ చేతులు సబ్బుతో బాగా కడుక్కోవాలి, ఎందుకంటే ఆరోగ్యంగా కనిపించే కప్ప నుంచి కూడా మనుషులకు జబ్బు చేసే సాల్మొనెల్లా బాక్టీరియా రావచ్చు. ఐదేళ్లలోపు పిల్లలను కప్పను గానీ పెట్టెను గానీ ముట్టనివ్వకండి, కప్ప సామాను వంటింటి సింకులో కడగకండి.

రోజూ మలం, చచ్చిన పురుగులు తీసేయడం, గాజు తుడవడం సరిపోతుంది. పెట్టె మొత్తాన్ని కడిగేటప్పుడు పదో వంతు బ్లీచి కలిపిన నీటిని వాడి, వాసన పూర్తిగా పోయేదాకా మళ్లీ మళ్లీ కడిగి, ఆరబెట్టాలి. పెట్టె ఉన్న గదిలో దోమల మందు, రూమ్ స్ప్రే, అగరుబత్తి పొగ, పెయింటు పని ఏదీ ఉండరాదు.

ఆరోగ్యం మీద కన్ను

కొన్నాళ్లకొకసారి మీ కప్ప వీపు వంచి, నోరు మళ్లీ మళ్లీ తెరుస్తూ, ముందుకాళ్లతో ఒంటిని నోటివైపు తోసుకోవడం చూస్తారు. పిప్పి నములుతున్నట్టు ఒక పారదర్శకమైన పొర నోటి చివర కనబడుతుంది. అది కుబుసం విడుస్తూ, ఆ పాత చర్మాన్నే తినేస్తోంది. అప్పుడు కదిలించకుండా వదిలేస్తే కొద్దిసేపట్లోనే ఆ పని ముగించి, నిగనిగలాడే కొత్త చర్మంతో కూర్చుంటుంది.

వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లవలసిన గుర్తులు వేరు. పగలు కూడా నేల మీదనో నీటిలోనో కాళ్లు చాపుకుని పడి ఉండటం, తొడల లోపలి భాగం ఎర్రబడటం, ఒళ్లు నీటితో ఉబ్బడం, పొర పొరలుగా చర్మం రాలుతూనే ఉండటం, మలద్వారం నుంచి లోపలి కండరం బయటికి రావడం, దవడ మెత్తబడి వంగడం, వేళ్లు వణకడం. చివరి రెండూ కాల్షియం లోపించి ఎముకలు చెడుతున్నాయనడానికి సంకేతాలు, త్వరగా గుర్తిస్తే ఆపవచ్చు. మనుషుల మందులు గానీ, చేపల మందులు గానీ అంచనాగా వాడవద్దు, ఆ చర్మం మీద ప్రతి చుక్కా మోతాదే అవుతుంది. వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు గాలి రంధ్రాలున్న డబ్బాలో తడి పేపర్ టవల్ పరిచి కప్పను ఉంచండి, తాజా మలం దొరికితే వెంట తీసుకెళ్లండి.

ఏ కారణం చేతనైనా కప్పను ఇక ఉంచుకోలేని పరిస్థితి వస్తే, దాన్ని చెరువు దగ్గరో తోటలోనో వదలకండి. పరాయి జాతి కప్ప, దానితో వెళ్లే శిలీంధ్రం స్థానిక కప్పలకు ముప్పు తెస్తాయి. పెంపకందారుకో, అనుభవమున్న మరొకరికో, వన్యప్రాణి శాఖకో అప్పగించండి. పెట్టె కడిగిన నీటిని కూడా నేరుగా కాలువలోకీ మొక్కలకూ పోయకుండా, బ్లీచి కలిపి కొంతసేపు ఉంచి, మురుగునీటి గొట్టంలోనే పారబోయండి. వాడిన కొబ్బరి పొట్టును మూట కట్టి చెత్తలో వేయండి.